హుస్సేన్ వలి తిరగేసిన తలుపు

నంద్యాలలో వాన పడేముందు హుస్సేన్ వలి దగ్గరికొచ్చి అనుమతి అడుగుతుంది. నమ్మనివాళ్లు ఆయన అంగడి ఉండే నూనెపల్లెకు పోయి ఎవర్నైనా విచారించుకోవచ్చు. "అప్పా, నువ్వు కిటికీలు బిగించిన ఇండ్లు ఏవేవో చెప్పు, వాటిని తప్పించి పడతా" అంటుందట మేఘం, ఆయన అంగడి రేకుల మీద మోకాళ్లూని. ఆయన తలెత్తడు. పళ్ల మధ్య స్క్రూ అట్లే పెట్టుకొని, ఆ వీధి, ఈ వీధి అని చేత్తో చూపిస్తాడు. వాన సరేనని పోయి మిగిలిన ఊరిని ముంచుతుంది. ఒక యేడు చామకాలువ పొంగి వీధుల్లోకి వచ్చినప్పుడు, నీళ్లు ఆయన బిగించిన కిటికీ దాకా వచ్చి, అద్దంలో తమ మొగం చూసుకొని, సిగ్గుపడి వెనక్కి పోయినాయని చెప్పేవాళ్లున్నారు. కండ్లారా చూసినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో సగంమంది ఆ యేడు నంద్యాలలోనే లేరు, అది వేరే సంగతి.

ఈ కథల్లోంచి గాలి తీసేస్తే మిగిలేది ఒక బక్కపల్చటి మనిషి. చెవి సందున పెన్సిలు, మోకాళ్ల మీద తెల్లగా మెరిసే అల్యూమినియం పొడి. నాయన ఆళ్లగడ్డలో దూది ఏకేవాడు, అమ్మ పీరాంబీ పరుపులు కుట్టేది. ఆ ఇంట పుట్టినవాడు దూదిని వదిలి అద్దాల్లోకి ఎందుకు వచ్చినట్టు అంటే, దానికీ వానే కారణం. హుస్సేన్ వలి చిన్నప్పుడు ఒక రాత్రి, కిటికీ చెక్కల సందుల్లోంచి జల్లు కొట్టి, ఎవరి పెండ్లికో కుట్టి పేర్చిన పరుపులన్నీ తడిసిపోయాయి. తెల్లారి పీరాంబీ వాటి కుట్లు విప్పి, దూదిని మిద్దె మీద ఎండకు పరిచి, మళ్లీ మొదట్నుంచీ కుట్టింది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కొడుకు మర్చిపోయేవాడేమో. తిట్టలేదు కాబట్టి ఆ తడిసిన దూది వాసన వాడి ముక్కులో ఉండిపోయింది.

అందుకే కిటికీ అంటే ఆయనకు ఒక పట్టుదల. "కిటికీ అంటే గోడకు పెట్టిన నోరప్పా, ఏది మింగాల, ఏది ఉమ్మాల అని దానికి మనం నేర్పాల" అంటాడు. ఇల్లు కట్టుకునేవాళ్లు అడిగినా అడక్కపోయినా వాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని పాఠం చెబుతాడు. కిటికీ అడుగున ఉండే పట్టీకి రెండు అంచులుంటాయి. ఇంటి వైపు అంచు ఎత్తు, వీధి వైపు అంచు తక్కువ. ఆ తక్కువ అంచుకు అడుగున చిన్న చిన్న తూట్లుంటాయి. అద్దం మీద పడిన వాన పట్టీలోకి జారి, తూట్లలోంచి వీధిలోకి పోతుంది. తూట్లు ఎప్పుడూ బయటికి. ఇది ఆయన కల్మా తర్వాత కల్మా. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. భార్య తబస్సుమ్ లేపకపోయినా చెబుతాడని అంటుంది.

అట్లాంటి మనిషి ఇంట్లోనే నీళ్లు కారాయి. అదీ వాన నీళ్లు కాదు.

పోయిన చలికాలం పీరాంబీ ఆళ్లగడ్డలో, కూతురు రంజాన్‌బీ ఇంట్లో, నీళ్లు పోసుకునే బండ మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. నంద్యాలకు తెచ్చి ఆపరేషన్ చేయించి, కొడుకు తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఇంకొక్కసారి జారితే తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు చెప్పినాడు. ఆ మాట విన్న రోజే హుస్సేన్ వలి బాత్రూములో ఒక మూలను కొలతలేసుకున్నాడు. అమ్మ కూర్చొని పోసుకోవడానికి కుర్చీ, పట్టుకోవడానికి గోడకు స్టీలు కడ్డీ, పైన షవరు, ముందర అద్దాల తలుపు. ఆ మూలలో ఎంత తడైనా ఆడే ఉండాల, మిగతా బాత్రూము, దాని బయట హాలు పొడిగా ఉండాల. ఎందుకంటే ఇల్లంతా పరిచింది బేతంచెర్ల బండలు. పాలిషు పట్టిన ఆ బండల మీద చుక్క నీళ్లు పడితే కోతి కూడా గోడ పట్టుకొని నడుస్తుంది.

తలుపు ఆయనకు వెదక్కుండానే దొరికింది. ఊళ్లో ఒక లాడ్జి వాళ్లు పాత బాత్రూములు పీకేసి కొత్తవి కట్టిస్తూ, ఫ్రేముతో సహా ఒక అద్దాల తలుపును పక్కన పడేశారు. అద్దం మసకది, లోపల మనిషి కనపడదు, నీడ మాత్రం ఆడుతుంది. ఫ్రేము అల్యూమినియం, గట్టి సరుకు. హుస్సేన్ వలి దాన్ని ఆటోలో వేసుకొని అంగడికి తెచ్చి, తుడిచి, తిప్పి చూసి, పడీపడీ నవ్వినాడు. ఆ సందులో ఉన్న ప్రతి ఒక్కరినీ పిలిచి చూపించినాడు. దాన్ని బిగించినవాడెవడో కింద పట్టీని తిరగేసి పెట్టినాడు. తూట్లన్నీ లోపలికి, షవరు వైపుకు ఉన్నాయి. ఎత్తు అంచు బయటికి, తక్కువ అంచు లోపలికి. "ఎవడప్పా ఈ తిక్కోడు, కిటికీ మొగం ఎప్పుడన్నా చూసినాడా?" అని అడిగి, వాళ్ల చేత కూడా నవ్వించి, అంగడిలోనే ఆ పట్టీ స్క్రూలు విప్పి, అటుది ఇటు తిప్పి, తూట్లు బయటికి వచ్చేట్టు బిగించినాడు. పని అంటే ఇదీ అన్నట్టు దాన్ని ఒకసారి అరచేత్తో తట్టినాడు కూడా.

తలుపు నిలబడటానికి కింద ఒక బండ కావాలి, గడపలాగా. దాన్ని పెట్టడానికి సంజీవయ్య వచ్చినాడు. సంజీవయ్యది బేతంచెర్ల, బండలు పరచడంలో చేయి తిరిగిన మనిషి. ఆదివారం చర్చిలో ప్రార్థనకు మోకాళ్లూనినప్పుడు కూడా కింద బండ వాటం ఎటుందో అరచేత్తో చూసుకుంటాడని వాళ్ల పాస్టరుగారే చెప్పుకొని నవ్వుతాడు. హుస్సేన్ వలికీ ఆయనకూ పాత స్నేహం. ఒకరి పనికి ఇంకొకరు వంక పెట్టకుండా ఇంతవరకు ఒక్క ఇంట్లోనూ పని ముగించలేదు. సంజీవయ్య గడపబండను నున్నగా పెట్టి, పైన నీళ్లు నిలవకుండా కాస్త వాటం ఇచ్చి, తన చేతిని తనే మెచ్చుకొని పోయినాడు.

మరుసటి రోజు పీరాంబీ అందులో మొదటిసారి నీళ్లు పోసుకుంది. బయటికి వచ్చేసరికి బాత్రూమంతా నీళ్లే. బాత్రూము తలుపు కింది నుంచి దాటి హాల్లోకి కూడా నాలుక చాపినాయి. తబస్సుమ్ పరిగెత్తుకొచ్చి అత్త చేయి పట్టుకోకపోతే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

కొత్త తలుపు కదా, సర్దుకుంటుందని హుస్సేన్ వలి అన్నాడు. తలుపులు సర్దుకోవు, మనుషులే సర్దుకుంటారు. సాయంత్రం సిలికాన్ గమ్ము గన్ను తెచ్చి, షవరు వైపు పట్టీకీ బండకూ మధ్య ఉన్న సందంతా గీతగీసినట్టు గమ్ము పూసినాడు. మర్నాడు నీళ్లు ఇంకొంచెం ఎక్కువ వచ్చినాయి. ఆయన ఇంకో వరస పూసినాడు. నీళ్లు ఇంకా ఎక్కువ వచ్చినాయి. గమ్ము పెరిగేకొద్దీ నీళ్లు పెరగడం ఆయన వృత్తిలో ఎప్పుడూ చూడని వింత. అంగడిలో ఉన్న గమ్ము ట్యూబులన్నీ ఒక్కొక్కటే ఇంటికి చేరినాయి. ఆ పట్టీ చూస్తే పండక్కి తెల్లగా పూసిన అరుగు గట్టులా ఉండేది. నీళ్లు మాత్రం ఆ గట్టును లెక్కచేయలేదు.

తలుపు కారినన్నాళ్లూ తబస్సుమ్ కాపలా కాసింది. పీరాంబీ లోపల కుర్చీలో కూర్చుంటే, తబస్సుమ్ బాత్రూములోనే అద్దానికి ఇవతల, వీపు తిప్పుకొని, చేతిలో పాతగుడ్డ పట్టుకొని నిలబడేది. కారిన నీళ్లను కారినట్టే తుడిచేది. మధ్యమధ్యలో పదిలం అత్తా అనేది, అయిపోయినాదా అత్తా అనేది. మంచి పిల్ల. పనిలో ఎక్కడా విసుక్కోలేదు. పీరాంబీ కూడా ఏమీ అనలేదు. కాకపోతే ఆమె ఒంట్లో బాగలేదని ఒక రోజు నీళ్లు పోసుకోవడం మానేసింది. ఇంకో రోజు చలిగా ఉందంది. నంద్యాల ఎండలో చలి. ఇంకో రోజు తడిగుడ్డతో తుడుచుకుంటే చాలంది. తెల్లగా ఉతికిన చీర తప్ప కట్టని మనిషి, పరుపు కుట్టేటప్పుడు చేతులు కడుక్కోకుండా సూది ముట్టని మనిషి, ఒళ్లు తడపడానికి వెనకాడుతోంది. ఇంట్లో అందరూ చూశారు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఆఖరికి ఒక పొద్దు హుస్సేన్ వలి అన్నం తింటుంటే ఆమె ఎదురుగా కూర్చొని, శుక్రవారం రంజాన్‌బీ వస్తుందని, తాను దానితోపాటు ఆళ్లగడ్డకు పోతానని చెప్పింది. హుస్సేన్ వలి ముద్దను కంచంలో పెట్టేసినాడు. పడింది ఆ ఇంట్లోనే కదమ్మా అన్నాడు. అదే బండ కదా అన్నాడు.

"పడితే పడతాలే" అంది పీరాంబీ. "ఆడ నీళ్లు పోసుకుంటుంటే ఎవరూ నిలబడరు. నేనేమన్నా పసిబిడ్డనా నాయనా, తానం చేస్తుంటే కాపలా కాయను? నీడ ఒకటి అద్దం మీద ఊగుతాంటాది. ఒంటి మీద నీళ్లు పోసుకుంటాండానా, ఎవరికన్నా లెక్క అప్పజెప్తాండానా, నాకే తెలీడంలే."

తబస్సుమ్ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. కండ్లు తిప్పుకుంది. తప్పు ఆమెది కాదని అందరికీ తెలుసు, పీరాంబీకి ఇంకా బాగా తెలుసు, అందుకే ఇన్నాళ్లూ ఆ మాట మింగింది. హుస్సేన్ వలికి అప్పటికి అర్థమైంది ఒకటే: శుక్రవారం లోపల ఈ తలుపు కారడం ఆగితే గుడ్డ పట్టుకొని ఎవరూ నిలబడక్కర్లేదు. ఆగకపోతే అమ్మ మళ్లీ ఆ బండ దగ్గరికే పోతుంది. ఊరంతా చెప్పుకునే కిటికీల మొనగాడికి ఇంట్లో ఒక తలుపు లొంగలేదన్న మాట ఆయన్ను పెద్దగా బాధపెట్టలేదు. కొంచెం పెట్టింది. కానీ ముక్కులోకి తడిదూది వాసన వచ్చింది.

సంజీవయ్యను పిలిపించినాడు. ఆయన వచ్చి, లుంగీ ఎగ్గట్టి, గమ్ము కట్టడాన్ని గోటితో గీకి చూసినాడు. తర్వాత, ఇంత గమ్ము పూసేబదులు దీంతోనే ఒక తొట్టి పోసి ఉండొచ్చు కదా అన్నాడు. గడపబండదే తప్పని హుస్సేన్ వలి అన్నాడు. తలుపుదే అని సంజీవయ్య అన్నాడు.

"నీ తలుపు ఏడుస్తాంటే నా బండ ఏం చేస్తాదప్పా?"

"ఏడ్సేవాళ్లకు నీ బండే దారి చూపిస్తాంది సంజీవన్నా. నీళ్లు రావడం ఆలస్యం, రాండి రాండి అని హాల్లోకి పిలుస్తాంది."

"నా కడపబండల మీద నిలిచిన నీళ్లు ఈ జిల్లాలో చూపించు, పని మానేస్తా."

"నా కిటికీలోంచి వచ్చిన చుక్క నువ్వు చూపించు, నేనూ మానేస్తా."

ఇద్దరూ నిజమే చెప్పారు. అందుకే జగడం తెగలేదు. సంజీవయ్య టీ తాగి, రేపు వస్తానని పోయినాడు. హుస్సేన్ వలి బాత్రూములో ఒంటరిగా నిలబడి తలుపును చూసినాడు. ఎంత చూసినా అది బాగానే ఉంది. ఇవతలి నుంచి చూస్తే దానిలో ఒక్క లోపం లేదు. అప్పుడాయనకు తోచింది, ఇన్నాళ్లూ తాను ఇవతలి నుంచే చూశానని. గమ్ము పూసేటప్పుడు లోపలికి వంగినాడు కానీ, అప్పుడు నీళ్లు లేవు. నీళ్లు ఉన్నప్పుడు అమ్మ ఉంది, తాను లేడు.

లుంగీ, బనీనుతోనే లోపలికి పోయి, అమ్మ కుర్చీలో కూర్చొని, తలుపు మూసి, గొళ్లెం పెట్టి, షవరు తిప్పినాడు. ఆ నీళ్లు నడినెత్తిన పడగానే నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ రాయడం మర్యాద కాదు. పై ట్యాంకులో ఎండకు కాగిన నీళ్లు. తర్వాత సర్దుకొని, కండ్లు తుడుచుకొని, అద్దాన్ని చూసినాడు.

నీళ్లు అద్దానికి కొట్టుకొని, ధారలు ధారలుగా జారి, కింద పట్టీలోకి దిగుతున్నాయి. పట్టీ నిండింది. ఇటువైపు ఎత్తు అంచు. దాని అడుగున తాను వరసలు వరసలుగా పూసిన తెల్లటి గమ్ము. ఇటు రావడానికి వాటికి సందు లేదు. అటువైపు తక్కువ అంచు, దానికి తూట్లు, తాను అంగడిలో నలుగుర్ని నవ్వించి తిప్పి బిగించిన తూట్లు. నీళ్లు చక్కగా, వరసగా, ఆ తూట్లలోంచి బయటికి పోతున్నాయి. బయట సంజీవయ్య వాటం వాటిని చేయి పట్టుకొని కిందికి దించుతోంది. ఆయన నేర్పిన పాఠాన్ని నీళ్లు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్తున్నాయి.

హుస్సేన్ వలి షవరు కట్టకుండా అట్లే కూర్చున్నాడు. ఎన్ని వందల కిటికీలు బిగించి ఉంటాడు. బిగించిన ప్రతిసారీ తాను నిలబడింది లోపల, పొడిగా. ఈ వైపు ఎప్పుడూ నిలబడలేదు. ఈ వైపు నిలబడేది వాన. ఈ గదిలో వాన పడేది లోపల. వీధి అనుకొని తాను ఏ దిక్కుకు నీళ్లను తోలినాడో, ఆ దిక్కునే ఇల్లుంది, హాలుంది, అమ్మ కాళ్లున్నాయి. ఆ లాడ్జిలో పని చేసినవాడెవడో గానీ, వాడు తిక్కోడు కాదు.

నీళ్ల చప్పుడు ఆగకపోయేసరికి తబస్సుమ్ హాల్లో మంచం వైపు చూడకుండానే వచ్చింది. ఆమెకు లోపల ఎవరున్నదీ తెలీదు. అత్త చెప్పకుండా తానానికి పోయిందనుకొని, అలవాటుగా గుడ్డ తీసుకొని, వీపు తిప్పి నిలబడింది. మసక అద్దం మీద ఆమె నీడ పడింది. అటు కొంచెం, ఇటు కొంచెం ఊగింది.

"అయిపోయినాదా అత్తా? పదిలంగా లెయ్యి."

హుస్సేన్ వలి షవరు కట్టినాడు. ఒంటి మీద లుంగీ ఉంది, బనీను ఉంది. అయినా రెండు చేతులూ ఎదకు అడ్డం పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో తనకే తెలీదు. నీడ ఊగుతూనే ఉంది. కట్టుకున్న పెండ్లామే, పరాయి మనిషి కాదు. అయినా అది కదిలిన ప్రతిసారీ ఆయన ఒళ్లు ముడుచుకుంది. తొందరగా పోతే బాగుండు అనిపించింది. అనిపించగానే సిగ్గేసింది.

ఆయన గొళ్లెం తీసి నీళ్లోడుతూ బయటికి వచ్చేసరికి తబస్సుమ్ చేతిలో గుడ్డ జారిపోయింది. ఆమె అరవకుండా ఉండటానికి పైట చెంగు నోట్లో కుక్కుకుంది, తర్వాత అదే చెంగు చాటున నవ్వింది. ఆయన నవ్వలేదు. హాల్లోకి పోయినాడు. పీరాంబీ మంచం మీద కూర్చొని, కిటికీలోంచి వీధి చూస్తోంది. తల తిప్పి కొడుకును పైనుంచి కింది దాకా చూసింది.

"ఏందీ, వాన పడిందా?"

"పడిందమ్మా" అన్నాడు. "లోపల పడింది."

ఆమెకు ఏం అర్థమైందో ఏమో. తల తుడుచుకో అంది.

మరుసటి పొద్దున సంజీవయ్య వచ్చేలోపల హుస్సేన్ వలి తలుపు ఊడదీసి గోడకు ఆనించినాడు. బ్లేడు పెట్టి తాను పూసిన గమ్మునంతా తనే గీకినాడు. పూసేటప్పుడు పట్టిన టైము కంటే గీకేటప్పుడు ఎక్కువ పట్టింది. పాత గమ్ము మీద కొత్త గమ్ము పట్టదు కాబట్టి మిల్లీమీటరు కూడా వదల్లేదు. సంజీవయ్య గుమ్మంలో నిలబడి, నిన్నటి జగడానికి రాత్రంతా తయారుచేసుకొచ్చిన మాటల్ని తీయబోయినాడు. హుస్సేన్ వలి ఆయన్ను లోపలికి పోయి షవరు కింద నిలబడమని, ఒక మగ్గు నీళ్లు గడపబండ మీద పోయమన్నాడు. పోసినాడు. నీళ్లు నిలవలేదు. అందంగా బయటికి జారిపోయినాయి.

"కడపకు వాటం బయటికి పెట్టక ఇంట్లోకి పెడతారా ఎవరన్నా?" అన్నాడు సంజీవయ్య, అనగానే తన మాట తనకే తప్పుగా వినిపించి.

"ఈ కడపకు పెట్టాల. నేనూ తూట్లు అట్లే పెట్టినా."

సంజీవయ్య తన కాళ్లున్న చోటును చూసుకున్నాడు, బయట పొడిగా నిలబడ్డ స్నేహితుణ్ణి చూసినాడు. రాత్రంతా తయారుచేసుకున్న మాటలు ఆయనకు అక్కర్లేకుండా పోయినాయి. ఉలి తీసి బండ కింద పెట్టినాడు. ఒకరికొకరు వంక పెట్టుకోకుండా వాళ్లిద్దరూ పనిచేసింది అదొక్క పూటేనని నూనెపల్లెలో చెబుతారు. తబస్సుమ్‌ను అడిగితే వేరే చెబుతుంది. బండ విరిగితే నీదే పాపమని ఒకరు, నీ స్క్రూలకు తుప్పని ఒకరు, మధ్యాహ్నం దాకా అంటూనే ఉన్నారట.

బండ మళ్లీ కూర్చుంది, ఈసారి వాటం షవరు వైపుకు. సిమెంటు ఆరినాక హుస్సేన్ వలి పట్టీని తిప్పినాడు. ఎత్తు అంచు బయటికి, తక్కువ అంచూ తూట్లూ లోపలికి, లాడ్జివాడు పెట్టినట్టే. పట్టీ వచ్చి నిలువు ఫ్రేముకు తగిలే రెండు మూలల్లో, లోహానికీ లోహానికీ మధ్య ఉండే వెంట్రుక సందులో గమ్ము నింపి వేలితో అద్దినాడు. బయటివైపు పట్టీకీ బండకూ మధ్య ఒక వరస పూసినాడు. లోపలివైపు ఏమీ పూయలేదు. చేతిలో గన్ను ఉంది, ట్యూబులో గమ్ము ఉంది, చేయి దానంతటది అటు పోయింది కూడా. వెనక్కి లాక్కున్నాడు. దారి ఉండనీ అనుకున్నాడు. తలుపు అడుగున అరిగిపోయిన రబ్బరు పీకి కొత్తది వేసినాడు. ఇంక ఆరేదాకా నీళ్లు తగలకూడదు. ఆయనకు తెలిసిన పనుల్లో అన్నిటికంటే కష్టమైనది అది, ఏమీ చేయకుండా ఉండటం.

శుక్రవారం పొద్దున రంజాన్‌బీ ఆళ్లగడ్డ బస్సు దిగి వచ్చేసరికి పీరాంబీ సంచి సర్దుకొని మంచం కాళ్ల దగ్గర పెట్టుకుంది. కొడుకు వచ్చి, తానం చేసి పోదువు రా అమ్మా అన్నాడు. ఆమె కాసేపు చూసి, చేతికర్ర అందుకొని లేచింది. తబస్సుమ్ అలవాటుగా దండెం మీది గుడ్డ తీసుకుంది. హుస్సేన్ వలి ఆ గుడ్డను మెల్లగా ఆమె చేతిలోంచి తీసి, మడిచి, బాత్రూములో కొక్కేనికి, అమ్మ చేతికి అందేంత ఎత్తులో తగిలించినాడు.

"రా" అన్నాడు. "ఈడ మనకేం పని."

లోపల గొళ్లెం పడిన చప్పుడైంది. ముగ్గురూ హాల్లో కూర్చున్నారు. నీళ్లు పడటం మొదలైంది. ఆ చప్పుడును అంత చెవి పెట్టి వినడం వాళ్లకు అదే మొదలు. రంజాన్‌బీకి సంగతేమీ తెలీదు, అందుకే ఆళ్లగడ్డ ముచ్చట్లు చెప్పబోయి, ఇద్దరి మొగాలు చూసి ఆగింది. హుస్సేన్ వలి కండ్లు బాత్రూము తలుపు కింద సందు మీదనే ఉన్నాయి. అక్కడి బండ పొడిగా ఉంది. ఇంకా పొడిగానే ఉంది. నీళ్లు ఆగినాయి. అంతలో లోపల ఏదో దబ్బున పడింది.

ముగ్గురూ లేచినారు. హుస్సేన్ వలి కాలు ఒక అడుగు ముందుకు పడింది. తబస్సుమ్ ఆయన బనీను పట్టుకొని ఆపింది. ఎవరు ఎవర్ని ఆపాల్నో అన్నీ తారుమారైనాయి ఆ ఇంట్లో. లోపలి నుంచి మాట వచ్చింది, నిదానంగా.

"మగ్గు పడింది. ఎవరూ రావాకండి."

వాళ్లు కూర్చోలేదు, పోలేదు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ చాలాసేపు ఆమెది. ఆమె దాన్ని తొందరపెట్టలేదు. బయటికి వచ్చేసరికి తలకు తువ్వాలు చుట్టుకొని, ఉతికిన చీర కట్టుకొని, మొగం తేటగా ఉంది. కర్ర పట్టుకొని హాలు దాటి పోతూ, దారికి అడ్డంగా ఉన్న కొడుకును జరుగు అంది.

హుస్సేన్ వలి బాత్రూములోకి పోయి చూసినాడు. నేలంతా పొడిగా ఉంది, ఎడమ మూల తప్ప. ఆ మూల ఫ్రేము అంచున అరచేయంత తడి. దాని మీద కొక్కేనికి తగిలించిన గుడ్డ పరిచి ఉంది, కాలితో తొక్కి ఒత్తినట్టు ముడతలు పడి. ఆయన మొగం మాడిపోయింది. గమ్ము గన్ను కోసం తిరిగినాడు. పీరాంబీ మంచం మీద నుంచే చూసింది.

"పెట్టు దాన్ని కింద" అంది. "ఆ మాత్రం నేను తుడ్సుకోలేనా."

అంతే. తర్వాత ఆమె సంచి ముడి విప్పి, చీరలు ఒక్కొక్కటే తీసి మళ్లీ బీరువాలో పెట్టుకుంది. వచ్చిన పని లేకుండా పోయిందని రంజాన్‌బీ గొణిగి, పప్పన్నం తిని, ఊరగాయ కట్టించుకొని, ఎండ తగ్గకముందే ఆళ్లగడ్డ బస్సెక్కింది. తబస్సుమ్ ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే అత్త పక్కన కూర్చొని తల దువ్వింది. పీరాంబీ దువ్వించుకుంది. ఆ పని చేయించుకోవడానికి ఆమెకు ఏ అభ్యంతరమూ లేదు.

ఇప్పుడు హుస్సేన్ వలి గిరాకీలకు చెప్పే పాఠం కొంచెం మారింది. తూట్లు బయటికి అని మొదలుపెట్టి ఆగి, మీ ఇంట్లో వాన ఎటువైపు పడుతుందని ముందు అడుగుతాడు. వాళ్లు ఈయనకు మతి తప్పిందేమోనని చూస్తారు. సందు మొదట్లో టీ అంగడి నడిపే ప్రభుదాసు మాత్రం ఊరుకోడు. కొత్తవాడు ఎవడు వచ్చి టీ అడిగినా, షవరు కింద లుంగీతో కూర్చొని నీళ్లతో మాట్లాడి వాటిని ఒప్పించిన మొనగాడు వీడేనని చూపిస్తాడు. ఆ రోజునుంచి ఆ తలుపు దాటి ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క, బయటికి వచ్చే ధైర్యం చేయలేదని కూడా చెబుతాడు. మొన్న అట్లే చెబుతుంటే హుస్సేన్ వలి అక్కడే ఉన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకొని అన్నాడు:

"వస్తాదప్పా. ఎడమ మూలకు ఇప్పటికీ తడి అవుతాది. అమ్మ తుడ్సుకుంటాది. నన్ను పిలవదు."